చెక్క 'హ'

మా ప్రెస్సులో శుభలేఖలకు అక్షరాలు బోలెడు.
'చి', 'సౌ', 'శ్రీ' — ఎన్ని పెళ్లిళ్లు చేసి పంపినా
మళ్లీ పుట్టింటికే వచ్చేవి.
'హ' మాత్రం ఇరవై మూడు.
బాంబులు పడిన నాడు ఊరు ఊరంతా బళ్లెక్కి పోతుంటే
ఎవడి మోచెయ్యో తగిలి కేసు బోర్లాపడింది.
ఏడేళ్లయినా గచ్చు పగుళ్లలో
ఏదో ఒక కొమ్ము, ఏదో ఒక వత్తు
దీపం పెట్టేవేళ మెరుస్తూనే ఉంటుంది.

కురుపాం మార్కెట్ వెనక సందు మాది.
దూసి వకీలు గారు తడిసిన గొడుగు ముడుస్తూ వచ్చి
తన చేత్తో తెలుగు చేసిన కాగితాలు బల్ల మీద పెట్టారు.
"ఢిల్లీలో ఇంకా రాస్తూనే ఉన్నారు.
ఈలోగా మనవాళ్లు చదవొద్దూ?
మూడు వందల కాపీలు. డబ్బు దసరాకి."

మొదటి పేజీ నిండకుండానే
'హ' గడి ఖాళీ.
హక్కు, హక్కు, హక్కు —
ఇన్నాళ్లూ హరికథ నోటీసులకీ
'మహారాజశ్రీ' అనే పిలుపుకీ సరిపోయిన అక్షరం
ఇప్పుడు చాలలేదు.

మద్రాసు ఫౌండ్రీకి కార్డు రాశాను. జవాబు లేదు.
ట్రెడిల్ తొక్కే గన్నయ్య అన్నాడు:
"ఏటి బాబూ, ఆ ముక్క ఓపాలి సూపించు."
సీసపు ముక్క అతని అరచేతిలో వేశాను,
పైనుంచి,
తగలకుండా.

జాలారిపేటలో విరిగిన తెడ్డు ముక్క అడిగి తెచ్చుకుని
రాత్రంతా చెక్కాడట. పొద్దుటికి ఆరు.
ఆరూ తిరగబడే ఉన్నాయి, ఉండాల్సినట్టే.
పలక పట్టని మనిషికి
అక్షరమంటేనే అది.
అచ్చయిన కాగితం చూపిస్తే తన 'హ'ని పోల్చుకోలేకపోయాడు.
గోడకున్న పగుళ్ల అద్దానికి ఎదురుగా పట్టాను.
"అద్గదీ," అన్నాడు, "నాదే."

పదకొండో నిబంధన బిగించాక అడిగాడు,
ఇందులో ఏటుందని.
చదివాను:
అంటరానితనం రద్దు. ఏ రూపంలోనూ పాటించరాదు.
తొక్కుతున్న కాలు ఆగలేదు.
రేవు వైపు నుంచి మాంగనీసు దుమ్ము
కిటికీలోంచి వచ్చి తడి సిరా మీద వాలుతోంది.
"ఎప్పట్నించి?"
"ఇంకా... ముసాయిదా."
"అంటే?"
"అంటే, ప్రూఫు."
నవ్వాడు. ప్రూఫంటే అతనికి తెలుసు.
తప్పులుంటాయి, దిద్దుతారు,
ఒక్కోసారి పార్టీ డబ్బు కట్టక
అచ్చే కాదు.

మూడు వందల కాగితాలూ అతని చేతి మీదుగానే పోయాయి.
అంచులు సర్దింది అతను. మడిచి దారం కుట్టింది అతను.
కోర్టు వరండాలో, టౌన్ హాలు మెట్ల మీద
అందరూ అవే పట్టుకుని, వేలు తడి చేసుకుని
పేజీలు తిప్పారు.

ఆ మధ్యాహ్నం దాహమేసి గన్నయ్య
వీధి మేకుకి వేలాడే తన సత్తు గ్లాసు దగ్గరికి వెళ్లాడు.
నేను లోపల కుండ పక్కనే ఉన్నాను.
పిలవొచ్చు.
మాట నోట్లో కంపోజై ఉంది.
మూత తీసి, ముంచుకుని,
నా దాహమే తీర్చుకున్నాను.

జనవరిలో ఒక గురువారం, ఊరంతా జెండాలు.
సెలవైనా వచ్చాడు.
"అచ్చయిందా బాబూ?"
"అయింది."
మేకు వైపు చూశాడు.
నేనూ చూశాను.
ఇద్దరం చాలాసేపు
మెషీను తుడుస్తూ ఉండిపోయాం.

ఆ పుస్తకం ఒకటి ఇప్పటికీ నా దగ్గరుంది.
ఉప్పుగాలికి చెక్క ఉబ్బి
అక్కడక్కడ 'హ'
పక్క అక్షరాలకన్నా లావుగా, వరస తప్పి,
తల కాస్త పైకెత్తి ఉంటుంది.
ప్రూఫులోనే చూశాను.
దిద్దలేదు.